ఊర్మిళ వదిలేసిన నలభై మూడు ఫైళ్లు

ఊర్మిళ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగేవాళ్లే ఉంటే ఇన్నేళ్లు నోరు మూసుకుని ఉండేవాణ్ని కాదేమో. నా పేరు గోవర్ధన్. మిర్యాలగూడలో ఫోటో స్టూడియో నాది. దానికి మా ఆవిడ విజయ పేరు పెట్టుకున్నాను. నాకు కోపం ఎక్కువ. గడ్డం ఎత్తమంటే ఎత్తని గిరాకీని నేనే గడ్డం పట్టుకుని ఎత్తుతాను. అలాంటి నా దగ్గర ఆ పిల్ల ఏడేళ్లు పనిచేసింది, ఒక్కరోజు ఎదురు మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

వాళ్లది త్రిపురారం అవతల తండా. తండ్రి లచ్చిరాంకు కాలువ కింద ఎకరన్నర వరి ఉంది. ఊర్మిళ కోదాడలో హాస్టల్లో ఉండి కంప్యూటర్ డిప్లొమా చదివింది. అక్కడి సార్లు ఆంధ్ర మాట మాట్లాడేవాళ్లు, "చూడండమ్మా, రాయండమ్మా" అనేవాళ్లట. మూడేళ్లు అది విని వచ్చినా ఊర్మిళ మాట తండా మాటగానే మిగిలింది. 2004లో ఏదో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవడానికి పాస్‌పోర్టు ఫోటోలు దిగుదామని నా స్టూడియోకు వచ్చింది. ఆ రోజు నా కంప్యూటరు మొండికేసింది. పొద్దున దాచిన పెళ్లి ఫోటోలు ఒక్కటీ తెరుచుకోవడం లేదు. నేను మిషన్‌ను తిడుతున్నాను, దాన్ని అమ్మినవాణ్ని తిడుతున్నాను.

"సార్, ఫోటోలు యాడికి పోలే," అంది వెనక నుంచి. "మీరు ఫోల్డర్ పేరు మార్చినట్టున్నరు. అది పాత పేరు పట్టుకొని ఎతుకుతున్నది."

నిజమే, పేరు నేనే మార్చాను. ఆ పిల్ల రెండు నిమిషాల్లో సరిచేసింది. ఫోటోలకు డబ్బు తీసుకోకుండా, ఉద్యోగం నా దగ్గరే చెయ్యమన్నాను.

మరుసటేడు నాకు వెబ్‌సైట్ పిచ్చి పట్టింది. అవసరం ఏమీ లేదు. కోదాడలో ఒక స్టూడియో బోర్డు మీద వెబ్‌సైట్ పేరు రాసి ఉండటం చూశాను, అంతే. మనకూ ఉండాలన్నాను. ఫోటోలన్నీ అందులో పెట్టాలి, హైదరాబాదులో ఉన్న బంధువులు కూడా నెట్ సెంటర్లో కూర్చుని చూసుకోవాలి. ఊర్మిళ సరేనంది. పుస్తకం ముందు పెట్టుకుని, రెండు నెలలు కూర్చుని, ప్రోగ్రాం ఒక్కో వరుస రాసింది.

ఆ పని చేసేటప్పుడు ఆమెను చూడాలి. తప్పు దొరక్కపోతే తెర మీద వేలు పెట్టి, ఫైలు ఎక్కడుందో ఆ చిరునామాను చివర నుంచి మొదటికి చదివేది. ముందు ఫైలు పేరు, తర్వాత అది ఉన్న ఫోల్డరు, తర్వాత దాని పైది. నోట్లో మాత్రం వాళ్ల తండా భాషలో గొణుక్కునేది. ఒకసారి 'టెంప్' అనే ఫోల్డరు దొరకడం లేదని మూడు రోజులు కొట్టుకుంది. చివరికి తేలిందేమిటంటే, ఫోల్డరు పేర్ల మధ్య పెట్టే వెనక్కి వాలిన గీత పక్కన 'టి' అక్షరం వస్తే, అది జంట కొటేషన్ల మధ్య ఉంటే, మిషన్ దాన్ని అక్షరంగా చదవదట, ఖాళీ జాగాగా చదువుతుందట. ఫోల్డరు అక్కడే ఉంది, పేరులో 'టి' ఎగిరిపోయింది. ఊర్మిళ జంట కొటేషన్లు తీసి ఒంటివి పెట్టింది. పని అయింది. ఆ రోజు బజారుకు పోయి అందరికీ మిర్చి బజ్జీలు తెచ్చింది. ఇంత చిన్న గీతకు ఇంత సంబరమా అని నేను వెక్కిరించాను.

ఫోటోలకు ఏ పేర్లు పెట్టాలనే దగ్గర మాకు మాట తేడా వచ్చింది.

"సార్, ఒక్కో ఫోటోకు ఒక నంబరిద్దాం," అంది. "మనిషి పేరు, ఊరి పేరు కలిపి ఫైలు పేరు పెడితే పరేషాన్ అయితది. గీడ ఒక్కో ఊర్ల పదిమంది సైదులున్నరు."

అది అబద్ధం కాదు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకోని ఇల్లు మా వైపు తక్కువ. మొక్కు ఫలించి కొడుకు పుడితే సైదులు, కూతురు పుడితే సైదమ్మ. కులంతో పని లేదు, మతంతో పని లేదు. సంతలో నిలబడి సైదులూ అని పిలిస్తే సగం సంత వెనక్కి తిరుగుతుంది.

"నంబర్లేంది? ఇది జైలా?" అన్నాను. "గిరాకీ వచ్చి నా నంబరు గింత అని చెప్తడా? సైదులు, నిడమనూరు అంటడు. గట్లనే పెట్టు."

"ఇంటిపేరన్న కలుపుదాం సార్."

"ఇంటిపేర్లు రాసుకుంట కూసుంటే ఫోటోలెవరు తియ్యాలె? చెప్పింది చెయ్."

నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. ఊర్మిళ నా మొహం ఒకసారి చూసి, మళ్లీ తెర వైపు తిరిగింది.

2005 జూన్‌లో సైటు మొదలైంది. ఆ వారమే నిడమనూరు నుంచి సరోజన అనే ఆమె తన భర్త సైదులును చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఆయన గొర్రెల కాపరి. ఏడాదిలో ఎనిమిది నెలలు మందతోనే తిరిగే మనిషి. గొర్రెల సొసైటీ కార్డుకు ఫోటో కావాలి. జన్మలో కెమెరా ముందు నిలబడలేదట. ఓటరు కార్డు ఉందిగానీ, దాని మీద ఉన్నది మనిషో మబ్బో దేవుడికే తెలియాలి.

"నా మొఖం గొర్లకు తెల్సు, సాలదా?" అన్నాడు ఆయన.

భుజం మీది గొంగడి తియ్యమన్నాను, తియ్యలేదు. చేతిలో కర్ర పక్కన పెట్టమన్నాను, పెట్టలేదు. నేను గొంతు పెంచాను. "గొంగడి తీస్తే ఎవలనుకుంటరు సారూ నన్ను?" అన్నాడు అమాయకంగా. లోపల కంప్యూటరు దగ్గర నుంచి ఊర్మిళ పక్కున నవ్వింది. ఆ నవ్వు విని ఆయనా నవ్వాడు. ఆ క్షణంలో నేను బటన్ నొక్కాను. నా ముప్పై ఏళ్ల పనిలో మంచి ఫోటోలు లెక్కపెడితే వేళ్లు మిగులుతాయి. అది వాటిలో ఒకటి.

సైటు మొదలైన కొత్తలో ఒక గొడవ జరిగింది. పెద్ద ఫోటోలు బాగానే చేరుతున్నాయి. వాటిని చూపించే బొటనవేలంత చిన్న బొమ్మలు మాత్రం కనిపించడం లేదు. వాటి చోట ఎర్రటి ఇంటూ గుర్తులు వస్తున్నాయి. అది నేను మా దోస్తులకు గొప్పగా తెరిచి చూపిస్తున్నప్పుడు బయటపడింది. ఇంక నా నోటికి హద్దేముంది. ఊర్మిళ ఓపిగ్గా వెతికి పట్టుకుంది. మా కంప్యూటర్లో ఫోల్డరుకూ ఫోల్డరుకూ మధ్య గీత వెనక్కి వాలుతుంది. మేం కిరాయికి తీసుకున్న సర్వర్లో ముందుకు వాలాలి. ఆమె అలవాటుగా వెనక్కి వాల్చి రాసింది. సర్వర్ దాన్ని దారిగా చూడలేదు, పేరులో ఒక అక్షరం అనుకుంది. అందుకని సైటు మొదలైన మొదటి పన్నెండు రోజుల చిన్న బొమ్మలు ఫోల్డర్లోకి పోకుండా బయటే, పొడుగాటి వింత పేర్లతో పడి ఉన్నాయి. మొత్తం నలభై మూడు. ఆమె గీత సరిదిద్ది, వాటిని కొత్తగా చేసి లోపల పెట్టింది.

"బయట పడ్డ చెత్త తర్వాత తీసేస్త సార్," అంది. పని ఒత్తిడిలో మరిచిపోయింది.

అలా ఆరేళ్లు గడిచాయి. ఫ్లెక్సీలు వచ్చాయి. పెళ్లికీ ఫ్లెక్సీ, చావుకూ ఫ్లెక్సీ. నాకు చేతినిండా పని దొరికింది. స్టూడియోలో కంప్యూటర్లు రెండుసార్లు మార్చాను. పాత సీడీలు తెరుచుకోవడం మానేశాయి. అయితేనేం, ఫోటోలన్నీ సైట్లో ఉన్నాయి కదా అని ధీమా.

2011 ఫిబ్రవరిలో సరోజన మళ్లీ వచ్చింది, వెంట మరిది వీరయ్య. సైదులు చనిపోయాడు. అద్దంకి రోడ్డు మీద మందను దాటిస్తుంటే లారీ వచ్చి పడింది. తొమ్మిది గొర్రెలు, ఆయన. ఎల్లుండి పెద్దకర్మ. ఇంట్లో గోడకున్న ఫోటో వానకు తడిసి, అద్దానికి అంటుకుని తెల్లగా అయిపోయిందట. కార్డు ఆయన జేబులోనే ఉండి, రోడ్డు మీదే నలిగిపోయిందట.

"మీ కంప్యూటర్ల ఉంటదని చెప్పిండ్రు సారూ," అన్నాడు వీరయ్య. "పెద్దగ తీసియ్యిండ్రి. మా వదిన మూడొద్దుల సంది గదే అడుగుతున్నది."

"ఉండకేమాయె," అన్నాను గొప్పగా. ఊర్మిళను తియ్యమన్నాను.

సైదులు, నిడమనూరు. తెర మీద ఫోటో వచ్చింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, చొక్కా గుండీలు రెండు విప్పుకుని, ఇరవై అయిదేళ్ల కుర్రవాడు.

సరోజన దగ్గరికి వంగి చూసింది. "ఈడు ట్రాక్టర్ నడిపే సైదులు. బతికే ఉన్నడు. మా ఆయనేడి?"

 ఊర్మిళ వేలు తెర మీద పెట్టి చివర నుంచి మొదటికి చదవడం మొదలుపెట్టింది. ముందు దారిలో తప్పు ఉందనుకుంది, లేదు. ఫోల్డరు అదే, పేరు అదే. ఫైలు ఎప్పటిదో చూసింది. 2008 మే. అప్పుడు గొణగడం ఆగిపోయింది. పేరూ ఊరూ కలిపి ఫైలు పేరు తయారు చేస్తే, అదే పేరుతో ఇంకో మనిషి వచ్చినప్పుడు మిషన్ ఎవరినీ అడగదు. పాతదాని మీద కొత్తది రాసేస్తుంది. ట్రాక్టరు సైదులు లైసెన్సు ఫోటోకు వచ్చిన రోజే గొర్రెల సైదులు, లోపలి చిన్న బొమ్మతో సహా, తుడిచిపెట్టుకుపోయాడు. మాకు తెలియకుండా మూడేళ్లు గడిచిపోయాయి.

నాకు అర్థమైంది. అర్థమైన మరుక్షణం నేను చేసిన పని ఇది. నలుగురు గిరాకీల ముందు గొంతెత్తి అరిచాను. "ఏం ప్రోగ్రాం రాసినవ్? ఇన్నేండ్ల సంది గిట్లనే తగలబెడుతున్నవా? ఇప్పుడు ఆమెకేం చెప్పాలె?"

ఊర్మిళ నా వైపు చూసింది. ఒక్కసారే. సార్, మీరే వద్దన్నరు అంటుందనుకున్నాను. ఆమె లేచి సరోజన ముందుకు పోయింది.

"తప్పు నాది పెద్దమ్మా. ఫోటో పోయింది."

సరోజన ఊర్మిళ చేతుల వైపు చూసింది. తర్వాత అంది, "నీ చేతులకు నా మొగుని మొఖమే దొరికిందా బిడ్డా?"

ఆ మాట నా మీద పడాల్సింది. నేను కౌంటరు మీద ఉన్న కత్తెర తీసి, ఎవరివో పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తూ కూర్చున్నాను.

ఊర్మిళ ఆ రోజు అన్నం తినలేదు. సాయంత్రానికి ఆమెకు ఆ నలభై మూడు ఫైళ్లు గుర్తొచ్చాయి. సైదులు ఫోటో ఆ పన్నెండు రోజుల్లోదే. బయట పడి ఉన్న చెత్తలో, వింత పేరుతో, ఆయన ఉన్నాడు. గొంగడి, కర్ర, నవ్వు అన్నీ ఉన్నాయి. కానీ బొటనవేలంత. నేను పెద్దది చెయ్యబోతే ముఖం గళ్లుగళ్లుగా విడిపోయింది, కళ్లు రెండు నల్ల చతురస్రాలయ్యాయి. నేను కుంచెతో రిటచింగ్ చేసిన కాలం వాణ్ని. కన్ను గీస్తానన్నాను.

"వద్దు సార్," అంది. "గీస్తే అది మీరు గీసిన కన్నయితది. ఆయనది కాదు."

అందుకని ఉన్నంతలోనే, బొటనవేలంతే అచ్చు తీశాం. పెద్దకర్మ నాడు దండ వెయ్యడానికి ఫోటో లేక, ఆ చిన్న ముక్కను పీట మీద పెట్టి చుట్టూ పూలు పోశారట. సరోజన దాన్ని తీసుకుంది గానీ ఊర్మిళను క్షమించలేదు.

తర్వాత ఊర్మిళ నెల రోజులు, నేను చెప్పకుండానే, నాలుగువేల పైచిలుకు ఫోటోలకు నంబర్లు పెట్టింది. ఒకరి మీద ఒకరు పడి పోయినవాళ్లు అరవై ఒక్క మంది తేలారు. వాళ్ల పేర్లన్నీ కాగితం మీద రాసుకుని, ఫోన్లున్నవాళ్లకు ఫోన్లు చేసి, మళ్లీ వచ్చి ఊరికే ఫోటో దిగమని బతిమాలింది. ఇరవై మంది దాకా వచ్చారు. కొందరు రాలేదు. కొందరు లేరు.

"సైదులు పెదనాయనకు పెద్ద ఫోటో లేదు, అందుకని నంబరియ్య రాదు సార్," అంది పని మానేసి పోయే ముందు. "ఆ చిన్నది బయటనే ఉండనియ్యుండ్రి. ఎవల్నీ తియ్యనియ్యకుండ్రి."

నేను తలూపాను. అప్పటికే ఆమెకు పెళ్లి కుదిరింది. పిల్లాడు రాజేందర్, సూర్యాపేటలో ఆర్టీసీ కండక్టరు. నేను పెళ్లికి పోయి ఆల్బం తీశాను.

ఒకసారి లచ్చిరాం బస్టాండులో ఎదురై అడిగాడు. "సారూ, నిడమనూరు గొర్లోళ్ల ఆమె యాడ కనబడ్డా మా ఇంటామెను నిలబెట్టి అడుగుతున్నది, మీ బిడ్డ నా మొగుని మొఖం తుడిచిందని. గంత పని ఏం చేసింది మా పిల్ల?"

చెప్పడానికి అది రెండో అవకాశం. "ఏదో కంప్యూటర్ తప్పు లచ్చిరాం, పట్టించుకోకు," అన్నాను. ఆయన బస్సెక్కి కిటికీలోంచి నాకు దండం కూడా పెట్టాడు. నేను సిగ్గులేకుండా తిరిగి పెట్టాను.

పోయిన నెల, అంటే 2014 అక్టోబరులో, సర్వరు గడువు ముగుస్తుంటే సైటును వేరేచోటికి మార్చడానికి శ్రీనాథ్ అనే పిల్లవాణ్ని పెట్టుకున్నాను. మంచి పనివాడు. నేను ఫ్లెక్సీ హడావుడిలో ఉండగా అడిగాడు. "అన్నా, బయట కొన్ని పాత ఫైళ్లు పడి ఉన్నయి, పేర్లు గజిబిజిగ ఉన్నయి. పని చేసేటివి కావు. ఏం చేద్దాం?"

"చెత్తయితే ఊడ్చెయ్," అన్నాను తల తిప్పకుండా.

రెండు రోజులకు పాత సర్వరు మూతబడింది. కొత్తచోట దారులు సరిచేద్దామని ప్రోగ్రాం తెరిచి, శ్రీనాథ్ ఉన్నట్టుండి నవ్వాడు. "అన్నా, ఈమెవరో ప్రోగ్రాం మధ్యల నీ మీద ఫిర్యాదు రాసింది."

మిషన్ చదవకుండా వదిలేసే వరుసలు ఉంటాయట, మనుషుల కోసం రాసుకునేవి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. వాడు చదివి వినిపించాడు. ఒకటి 2005 జూన్‌ది: "నంబర్ పెడదామన్న. సార్ వద్దన్నరు." కింద ఇంకోటి, 2011 ఫిబ్రవరిది: "ఆ రోజు గట్టిగ అడగాల్సింది. తప్పు నాదే."

శ్రీనాథ్ నవ్వు ఆపేశాడు, నా మొహం చూసి. ఆ రోజు నలుగురి ముందు నేను అరుస్తున్నప్పుడు ఆ వరుస ఆ తెర వెనకే ఉంది. ఒక్కసారి తెరిచి చూపిస్తే చాలు, నా నోరు పడిపోయేది. ఆమె తెరిచింది, తన తప్పు కూడా దాని కింద రాసుకుని, మూసేసింది.

మర్నాడే సూర్యాపేట బస్సెక్కాను. ఊర్మిళ అక్కడ ఒక ప్రైవేటు బడి ఆఫీసులో పనిచేస్తోంది. పిల్లల మార్కులు కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది, కుర్చీ వేసింది, విజయమ్మ బాగున్నదా సార్ అంది. నేను కూర్చోలేదు.

"అమ్మా, ఆ రోజు తప్పు నాది. నంబర్లొద్దన్నది నేనే. నీ మీద పడేసిన."

ఊర్మిళ కొంతసేపు మార్కుల కాగితాలు సర్దింది.

"సరోజన పెద్దమ్మకు చెప్పాల్సింది సార్ ఆ ముచ్చట," అంది. "ఆమె దసరా ముందు పోయింది. మా నాయన ఫోన్ చేస్తే నేను పోయిన, దూరంగ నిలబడ్డ. నాలుగైదుసార్లు ఇంటికి పోయిన గానీ నాతోని ఒక్క మాట మాట్లాడలేదామె. గా చిన్న ఫోటోను ఆమె చేతుల్నే పెట్టి మట్టి చేసిండ్రు."

ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

"ఇగ ఆయన మొఖం మన సైట్లనే ఉన్నది," అంది తర్వాత. "వాళ్ల పిల్లలు పెద్దగైనంక ఎప్పుడన్న అడిగితే ఇయ్యొచ్చు. ఆ ఫైళ్లు పదిలమే గద సార్?"

అప్పటిదాకా నాకు తట్టలేదు. నిజంగా తట్టలేదు. శ్రీనాథ్ అడిగిందీ, నేను తల తిప్పకుండా అన్నదీ ఆ బడి ఆఫీసులో నిలబడ్డప్పుడు గుర్తొచ్చాయి. కొత్త పిల్లవాడు తీసేశాడమ్మా అని నాలుక చివరిదాకా వచ్చింది.

"లేవమ్మా," అన్నాను. "వాడు అడిగిండు. ఊడ్చెయ్యమన్నది నేనే."

బడి గంట కొట్టారు. పిల్లలు బయటికి పరుగెత్తారు. ఆ గోలంతా తగ్గేదాకా ఊర్మిళ కిటికీ వైపే చూస్తూ నిలబడింది.

"ఈసారన్న చెప్పిండ్రు సార్," అంది. మళ్లీ కుర్చీలో కూర్చుని, ఆపిన చోట నుంచి మార్కులు కొట్టడం మొదలుపెట్టింది.

తిరుగు బస్సులో కళ్లు మూసుకుని సైదులును గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. ఫోటో తీసినవాణ్ని నేను, నాకైనా గుర్తుండాలి కదా. గొంగడి గుర్తొచ్చింది. కర్ర గుర్తొచ్చింది. లోపలి గదిలోంచి ఊర్మిళ పక్కున నవ్వడం వినిపించింది. మిర్యాలగూడలో బస్సు దిగేదాకా చూశాను, ఆయన ముఖం మాత్రం రాలేదు.